నెల్లూరు జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారి గారికి బహిరంగ లేఖ

నమస్కారం. పక్షవాతం నుంచి కోలుకునేవాళ్లకు అడుగులు లెక్కపెట్టే బ్యాండ్లు కొనేముందు ఒక్క మాట.

మణికట్టు బ్యాండు చెయ్యి ఊపును బట్టే అడుగు లెక్కేస్తుంది. వాకర్ పట్టుకుంటే చెయ్యి ఊగదు. ఉదయగిరిలో ఒక పెద్దాయన వాకిట్లో వందడుగులు వేసినా తెర మీద పది కూడా పడకపోవచ్చు. చీలమండకు కట్టే రకమే కొనండి. బాగున్న కాలికి, ఎముకకు రెండు వేళ్ల పైన కట్టాలి. 50 అడుగులు పైకి లెక్కపెట్టి పోల్చండి. 45 కూడా చూపకపోతే పట్టీ సర్ది మళ్లీ నడిపించాలి. షుగరుతో పాదాలు మొద్దుబారినవాళ్లకు ఒరుసుకున్నా తెలీదు, రోజూ పట్టీ విప్పి చర్మం చూడాల్సిందే.

బీపీ చూడ్డానికి మాత్రం చేతి గడియారం వద్దు, అంకె ఎంత ముచ్చటగా కనిపించినా సరే. దండచేతికి పట్టీ చుట్టే మిషనే ఇవ్వండి.

చాలా బ్యాండ్లలో వివరమైన లెక్క కొద్దిరోజులే నిలుస్తుంది. ఫోన్లు లేని ఇళ్లలో ఏఎన్ఎం వారానికోసారి ఆ లెక్కను బ్యాండు నుంచి దించుకునే ఏర్పాటు టెండరులోనే రాయించండి.

ఇట్లు,
జిల్లా ఫిజియోథెరపిస్టులు కొందరు