లెనిన్ సెంటర్‌లో దొరికిన హంతకుడు

అందరికీ నమస్కారం. నిన్న సాయంత్రం విజయవాడ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల కొట్లలో ఓ డిటెక్టివ్ నవల కొన్నా, 30 రూపాయలకి. ఇంటికొచ్చి తెరిస్తే మూడో పేజీ అంచున ఎవరో మహానుభావుడు పెన్సిల్‌తో ‘చంపింది డాక్టరే’ అని రాసిపెట్టాడు! ఒళ్లు మండింది. అయినా వదల్లేక రాత్రి ఒంటిగంట దాకా చదివా. డాక్టరు చేతులు కడుక్కునే సీను రెండుసార్లొస్తుంది. మామూలుగా అయితే అది నా కంట పడేదే కాదు. హంతకుడెవరో తెలిసిపోయాక కూడా చదివించిందంటే అదీ నవలంటే.

సాహసాల థ్రిల్లర్లు మాత్రం నాకంతగా ఎక్కవు. హీరో విమానంలోంచి దూకుతాడు, చొక్కా నలగదు. అదే డిటెక్టివ్ నవలల రచయిత్రి అగాథా క్రిస్టీ కథలో విషం పెట్టిందంటే నమ్మబుద్ధేస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధమప్పుడు ఆస్పత్రి మందుల గదిలో పనిచేసిన మనిషి కదా! 1920లో వచ్చిన మొదటి నవల్లోనే స్ట్రిక్నిన్ అనే విషం వాడింది.

ఆదివారం బెంజి సర్కిల్ వైపు వస్తున్నా, పుస్తకం ఎవరికైనా కావాలంటే చెప్పండి, తెచ్చిస్తా. ఆ పెన్సిల్ రాత రబ్బరుతో చెరిపేశాలెండి. అయ్యో, ఇక్కడ నేనే చెప్పేశానుగా!