ఇల్లు పీకి పందిరేసే వయసు

సంపాదకులు గారికి నమస్కారం.

తప్పటడుగులు వేసే పిల్లలున్న ఇంట్లో సామాను కాపాడుకోవడంపై ఇటీవల మీ గృహాలంకరణ పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. సోఫాలకు తొడుగులు వేయాలని, టీపాయ్ మూలలకు రబ్బరు అతికించాలని, పగిలేవన్నీ ఎత్తులో పెట్టాలని అందులో చెప్పారు. మొదటి రెండూ సరే, ఎత్తులో పెట్టమన్న సలహాతోనే నాకు పేచీ. వస్తువు పైకి వెళ్తే పిల్లల చూపూ పైకే వెళ్తుంది, ఆ చూపు వెనకే కాళ్లూ బయలుదేరతాయి.

మా బాబుకు 20 నెలలప్పుడు, వాడికి అందకూడదని నాలుగు సొరుగుల చెక్క బీరువా మీద నేనే పెట్టిన అలారం గడియారం కోసం, వాడు కింది మూడు సొరుగులనూ బయటికి లాగి మెట్లుగా చేసుకున్నాడు. రెండో సొరుగు మీద కాలు మోపేసరికి బీరువా వెనక కాళ్లు నేల మీంచి లేచాయి. పక్కనే దుప్పట్లు మడత పెడుతున్న నేను మోకాలు అడ్డం పెట్టబట్టి ఆగింది. గడియారం అద్దం పగిలింది, వాడికి ఏమీ కాలేదు. బీరువాను గోడకు బిగించే ఇనుప పట్టీ, స్క్రూలు కొన్ననాటి నుంచీ రసీదుతో పాటు దాని పైసొరుగులోనే, విప్పని కవరులో ఉన్నాయి! తప్పు పూర్తిగా నాదే.

సొరుగులన్నీ మూసి ఉన్నంతసేపూ బీరువా బరువు దాని కాళ్ల మధ్యే ఉంటుంది. తెరిస్తే ఆ బరువు ముందుకు జరుగుతుంది, దానికి పిల్లవాడి బరువు తోడైతే ముందు కాళ్లే ఇరుసుగా మారి బీరువా మొత్తం వాడి మీదికి ఒరుగుతుంది. ఎత్తయిన పుస్తకాల అరలకూ, స్టాండు మీద ఊరికే నిలబెట్టిన టీవీకీ ఈ ప్రమాదం ఉంది. అందుకని బరువైనవాటిని కింది సొరుగుల్లో సర్ది, గోడకు రంధ్రం చేసి, స్క్రూ పట్టు కోసం అందులోకి ప్లాస్టిక్ ప్లగ్గు దింపి పట్టీని స్క్రూతో బిగించాలి. జిగురు టేపును నమ్ముకోకూడదు. అద్దె ఇంటి గోడకు మేకు కొట్టనివ్వరన్న ఇబ్బంది నాకూ తెలుసు గానీ, ఖాళీ చేసే రోజున చిటికెడు పుట్టీతో పూడిపోయే రంధ్రమే అది.

మరకల విషయంలో వ్యాసం గట్టిగా రుద్దమనడం కూడా సరికాదు. సోఫా గుడ్డ మీద బాల్‌పెన్ను గీతను రుద్దితే సిరా పాకుతుంది. గుడ్డ రంగు పోదని ఒక మూల చూసుకుని, స్పిరిట్ ముంచిన దూదితో అద్దాలి. పాలు ఒలికితే చల్లటి నీళ్లే వాడాలి, వేడినీళ్లకు పాలలోని మాంసకృత్తులు గట్టిపడి పోగులను పట్టేసుకుంటాయి. పార్టికల్ బోర్డు (చెక్కపొట్టును జిగురుతో అదిమి చేసిన పలక) సామాను మీద నీళ్లు పడితే మాత్రం తక్షణం తుడవాలి, ఒకసారి ఉబ్బిన అంచు ఆరినా మునుపటిలా అవదు.

బీరువాను గోడకు బిగించాక అట్టడుగు సొరుగును వాడికే వదిలేశాను. అందులో చెక్క గరిటెలు, మూతల డబ్బాలు, పాత చేతిరుమాళ్లు ఉంటాయి. రోజుకు పదిసార్లు ఖాళీ చేస్తాడు, మిగతా సొరుగుల జోలికి పోవడం బాగా తగ్గింది. అన్నిటికీ తాళాలు వేసి, కంట్లో వత్తులు వేసుకుని కూర్చోవడం కన్నా నాకిదే సులువనిపించింది.

ఇకమీదట ఇలాంటి వ్యాసం వేసేటప్పుడు రబ్బరు మూలల బొమ్మ కన్నా ముందు, గోడకు బిగించే ఆ ఇనుప పట్టీ బొమ్మ వేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు