పైపులైను టెస్టు రిపోర్టు పంచాయతీ బోర్డు మీద పెట్టండి

సంపాదకుల వారికి నమస్కారం.

మాది కోనసీమ, రాజోలు వైపు. కొబ్బరి రైతుని. మా దగ్గర గ్యాస్ తీసే కేంద్ర ప్రభుత్వ కంపెనీ ఓఎన్‌జీసీ లాభాల వార్త మూడు నెలలకోసారి పేపర్లలో తప్పకుండా వస్తుంది, 2023-24లో అయితే ఒక్క ఏడాదికే 40,526 కోట్ల నికర లాభం. సంతోషమే, ప్రభుత్వ కంపెనీ బాగుంటే ఏడ్చేవాళ్లం కాదు మేము. కానీ ఆ వార్త చదివిన ప్రతిసారీ ఒకటే అడగాలనిపిస్తుంది. ఎక్కడో ముంబైలో కూర్చుని పది షేర్లు కొన్న మనిషికి కంపెనీలో ఏ ముఖ్యమైన సంగతి జరిగినా గంటల్లో తెలియజేయాలని షేర్ మార్కెట్‌ని అదుపు చేసే సెబీ రూలు ఉంది, కంపెనీ దాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తుంది. మరి అదే గ్యాస్ పోయే గొట్టం పక్కన మంచం వేసుకుని పడుకునే మనిషికి ఆ గొట్టం ఎప్పుడు వేసిందో, లోపల తుప్పు ఎంత తినేసిందో, చివరిసారి ఎప్పుడు చూశారో చెప్పాలని ఒక్కళ్లకీ ఎందుకు తోచదు?

ఈ ప్రశ్న గాల్లోంచి రాలేదండీ. 1995 జనవరి 8న మా దేవర్లంకలో ఓఎన్‌జీసీ పాశర్లపూడి-19 బావి బ్లోఅవుట్ అయ్యింది, అంటే గ్యాస్ అదుపు తప్పి బయటికి ఎగదన్నింది. 65 రోజులు మండింది, మార్చి 15కి గానీ ఆరలేదు, అమెరికా నుంచి మంటలార్పే కంపెనీని పిలిపించుకోవాల్సి వచ్చింది. ఊళ్లు ఖాళీ చేయించారు. దేశంలో భూమ్మీద జరిగిన పెద్ద బ్లోఅవుట్లలో అదొకటి. మా వయసు వాళ్లకి ఆ రెండు నెలలు రాత్రనేదే లేదు, కానీ మా పిల్లలకి అదొక కథ.

పిల్లలు కూడా చూసింది 2014 జూన్ 27. నగరంలో, అంటే సిటీ అనుకునేరు, మామిడికుదురు మండలంలో ఊరి పేరే నగరం, తాటిపాక దగ్గర. తెల్లవారుజామున, గ్యాస్ రవాణా చేసే ప్రభుత్వ కంపెనీ గెయిల్ వాళ్ల పైపులైను పేలింది. 20 మందికి పైగా పోయారు, పసివాళ్లతో సహా, చాలామంది నిద్ర మంచాల మీదే. చెట్లు నిలువునా మాడిపోయాయి. అంతకుముందు నుంచే గ్యాస్ వాసన వస్తోందని చెబుతున్నా పట్టించుకోలేదని ఊరివాళ్లు అప్పట్లోనే మీ విలేకర్లందరికీ చెప్పారు, అన్ని పేపర్లూ వేశాయి. తర్వాత పెట్రోలియం శాఖ వేసిన విచారణలో బయటపడింది ఏంటంటే, ఆ గొట్టం పొడి గ్యాస్ కోసం వేసింది, అందులో పంపింది మాత్రం నీళ్లూ కండెన్సేటూ (గ్యాస్‌తో పాటు వచ్చే పల్చటి నూనె) కలిసిన తడి గ్యాస్, ఆ నీటిని ముందే తీసేసే యూనిట్ పెట్టాల్సింది, పెట్టలేదు. నీళ్లు నిలిచినచోట లోపల్నుంచి తుప్పు పట్టి గొట్టం పల్చబడింది. ఇంతే సంగతి. ఇందులో దేవుడి పని ఏమీ లేదు. గొట్టంలో ఏం పోతోందో, దాని ఇనుము ఇంకా ఎంత మందం మిగిలిందో తెలిసినవాళ్లు కొందరు ఉన్నారు, తెలియనివాళ్లు ఊరంతా ఉన్నారు. తెలియనివాళ్లే చచ్చిపోయారు.

గ్యాస్ ఇచ్చేది ఓఎన్‌జీసీ, గొట్టం గెయిల్‌ది. ఏదైనా జరిగితే మాకిచ్చిన గ్యాసే అలా ఉందని గెయిల్ వాళ్లు, లైను మాది కాదని ఓఎన్‌జీసీ వాళ్లు. రెండూ ప్రభుత్వానివే, రెండింటికీ మంత్రి ఒకరే. పైన చమురు పరిశ్రమ భద్రత చూసే ఓఐఎస్‌డీ అని ఒకటి, గనుల భద్రత డైరెక్టరేట్ ఒకటి, పైపులైన్ల నియంత్రణ బోర్డు పీఎన్‌జీఆర్‌బీ ఒకటి, మన కాలుష్య నియంత్రణ మండలి ఒకటి. ఇంతమంది కాపలా ఉన్నారు కదా అని ధైర్యంగా ఉండమంటే ఉండొచ్చు, కానీ వాసన వస్తే ఎవరికి ఫోన్ చేయాలో మాత్రం మా ఊళ్లో పదిమందిని అడిగితే పది రకాలు చెబుతారు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. చాలామంది అనేది ఏంటంటే, ప్రభుత్వ కంపెనీ అంటే అంతా బహిరంగమే కదా, వార్షిక నివేదిక వెబ్‌సైట్‌లో ఉంటుంది, ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ ఆడిట్ ఉంటుంది, పార్లమెంటు కమిటీలు ఉంటాయి అని. నిజమే, ఉంటాయి. అయితే ఆ పారదర్శకత అంతా పైకి చూసేదే, ఢిల్లీకీ ముంబైకీ లెక్క చెప్పేది. ఆ పైచూపు కూడా ఎంత బాగా పనిచేసిందో ఒక్క ఉదాహరణ చెబుతాను. 2005 జూన్‌లో గుజరాత్ ప్రభుత్వ సంస్థ జీఎస్‌పీసీ మన తీరానికి ఎదురుగా కేజీ (కృష్ణా-గోదావరి) బేసిన్‌లో 20 లక్షల కోట్ల ఘనపుటడుగుల గ్యాస్ దొరికిందని చెప్పింది, అప్పటి ముఖ్యమంత్రి నరేంద్ర మోదీయే స్వయంగా ప్రకటించారు. తీరా చూస్తే తేలింది దాంట్లో పదో వంతు దగ్గర. 2015 మార్చి నాటికి ఆ సంస్థ అప్పులు 19,716 కోట్లకు చేరాయని కాగే రాసింది. ఆ తర్వాత 2017లో ఆ బ్లాకులో 80 శాతం వాటాని 7,738 కోట్లు పోసి కొన్నది ఎవరనుకున్నారు, మన ఓఎన్‌జీసీ. మరుసటి ఏడాది జనవరిలో పెట్రోలు అమ్మే ప్రభుత్వ కంపెనీ హెచ్‌పీసీఎల్‌లో కేంద్రం వాటాని 36,915 కోట్లకి, అప్పు తెచ్చి మరీ కొంది, ఆ డబ్బు కేంద్రానికి పెట్టుబడుల ఉపసంహరణ లక్ష్యం కింద జమైంది. ఇవి మంచి బేరాలా కావా అనేది లెక్కలు తెలిసినవాళ్లు తేల్చుకోనీండి, నేను అడిగేది వేరే. ఇన్ని వేల కోట్లు అలా సర్దుబాటు చేయగలిగిన కంపెనీకి, మా పంచాయతీ ఆఫీసు గోడ మీద నాలుగడుగుల బోర్డు పెట్టడానికి ఏం అడ్డు వస్తోంది?

దీనికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు. సమాచార హక్కు చట్టం 2005 నుంచి ఉంది. ఓఎన్‌జీసీలో 58.89 శాతం కేంద్రానిదే కాబట్టి అది ఆ చట్టం కిందికి వస్తుంది, సముద్రంలో కేజీ-డి6 గ్యాస్ బ్లాకు నడిపే ప్రైవేటు కంపెనీ రిలయన్స్ రాదు, తేడా అక్కడుంది. ఆ చట్టంలో సెక్షన్ 4 అని ఉంది, ఎవరూ దరఖాస్తు పెట్టకుండానే తమంతట తాము చెప్పాల్సినవి చెప్పాలని. అందులోనే నాలుగో ఉపసెక్షన్ చూడండి, సమాచారం పంచేటప్పుడు స్థానిక భాషనీ, ఆ ప్రాంతంలో జనానికి బాగా చేరే పద్ధతినీ దృష్టిలో పెట్టుకోవాలని రాశారు. నోటీసు బోర్డు అనే మాట కూడా అక్కడే ఉంది. అంటే చట్టం రాసినవాళ్లకి మాలాంటి ఊళ్లు కళ్ల ముందు కనబడ్డాయన్నమాట. అమలు చేసేవాళ్లకే కనబడట్లేదు.

దరఖాస్తు పెట్టుకోవచ్చు కదా అంటారేమో. పది రూపాయల ఫీజు, ముప్పై రోజుల గడువు, సమాధానం రాకపోతే మొదటి అప్పీలు, అదీ కాకపోతే రెండో అప్పీలు, ఇది కేంద్ర సంస్థ కాబట్టి రెండోది ఢిల్లీలో కేంద్ర సమాచార కమిషన్‌కి. కొబ్బరి దింపు రోజున కూలీలు దొరికితే చాలనుకునే రైతు ఢిల్లీ అప్పీలు నడిపిస్తాడా? పైగా సెక్షన్ 8(1)(డి) ఒకటుంది, వాణిజ్య రహస్యం అని. టెండర్లో ఎవరెంత కోట్ చేశారో రహస్యం అంటే అర్థం చేసుకుంటాం. గొట్టం గోడ మందం వ్యాపార రహస్యం ఎలా అవుతుంది, పక్క కంపెనీవాడు ఆ మందం తెలుసుకుని ఏం చేసుకుంటాడు? సెక్యూరిటీ సమస్య అనేవాళ్లూ ఉన్నారు. లైను ఎక్కడుందో మార్కర్ రాళ్లు పాతి వాళ్లే చూపిస్తున్నారు, దాంట్లో దాచడానికి ఏముంది. దాస్తున్నది లైను ఎక్కడుందనేది కాదు, ఎలా ఉందనేది.

పిగ్గింగ్ అని చేస్తారు. గొట్టంలోకి ఒక పరికరం పంపిస్తే అది పోతూ పోతూ తుప్పు ఎక్కడ ఎంత తిన్నదో కొలుచుకుంటూ పోతుంది. ఆ రిపోర్టులు కంపెనీ దగ్గర ఉంటాయి. నేనడిగేది అందులో నాలుగు ముక్కలు: ఈ ఊరి మీదుగా పోయే లైను ఏది, ఏ సంవత్సరంలో వేశారు, చివరి తనిఖీ ఎప్పుడు, అందులో మార్చాల్సిన ముక్కలు ఎన్ని తేలితే ఎన్ని మార్చారు. ఆ కింద ఒక ఫోన్ నంబరు, దాని పక్కన బాధ్యుడైన అధికారి హోదా. ఇవన్నీ తెలుగులో. ఏడాదికోసారి గ్రామసభలో ఆ అధికారి వచ్చి చదివి వినిపించాలి, ఎవరైనా అడిగితే జవాబు చెప్పాలి. ఇంతకంటే నేనేం అడగట్లేదు. బావులు మూసేయమని అసలే అనట్లేదు, గ్యాస్ వల్ల ఎరువుల ఫ్యాక్టరీ నడిచింది, కరెంటు వచ్చింది, మా పిల్లల్లో కొందరికి ఉద్యోగాలూ వచ్చాయి, కాదనను.

మా భూమి సంగతీ కాస్త చెప్పనివ్వండి. పైపులైను వేసేటప్పుడు భూమి కొనరు, 1962 నాటి చట్టం కింద వాడుకునే హక్కు మాత్రమే తీసుకుంటారు, దానికిచ్చేది భూమి మార్కెట్ విలువలో 10 శాతం, పోయిన పంటకీ చెట్లకీ నష్టపరిహారం వేరే. పట్టా మన పేరునే ఉంటుంది, కానీ ఆ పట్టీ మీద ఇల్లు కట్టకూడదు, నుయ్యి తవ్వకూడదు, చెట్టు వేయకూడదు. చెట్టు వేయకూడని భూమి కోనసీమలో దేనికండీ? పోనీ, దేశం కోసం అనుకుందాం. అయితే ఒక్కసారి పోల్చి చూడండి, బొగ్గో మాంగనీసో తవ్వే జిల్లాలో అయితే రాయల్టీకి అదనంగా జిల్లా ఖనిజ నిధికి డబ్బు కట్టాలి, పాత లీజులకైతే రాయల్టీలో 30 శాతం, వేలంలో వచ్చిన వాటికి 10 శాతం, అది ఆ తవ్వకం వల్ల నష్టపోయిన ఊళ్లకే ఖర్చు పెట్టాలి. గ్యాస్‌కీ చమురుకీ ఇది వర్తించదు, ఎందుకంటే గనుల చట్టంలో ఖనిజం అంటే ఖనిజ నూనెలు కాక మిగతావి అని మొదట్లోనే రాసేశారు. రాయల్టీ రాష్ట్రానికి వెళ్తుంది, అక్కడితో సరి, ఏ ఊరి గ్యాస్‌కి ఎంత వచ్చిందో ఆ ఊరికి తెలిసే దారి లేదు. మిగిలింది సీఎస్‌ఆర్, అంటే కంపెనీ సామాజిక బాధ్యత కింద పెట్టే ఖర్చు, ఊరికి అది హక్కు కాదు, వాళ్ల దయ. ఎవరు పెద్ద గొంతుతో అడిగితే వాళ్లకి.

ఇక్కడ మనవాళ్ల సంగతి కూడా దాచను. రిగ్గు వస్తుందంటే చాలు, రోడ్డు అడుగుతారు, కల్యాణ మండపం అడుగుతారు, కాంట్రాక్టు పనులు మా వాళ్లకివ్వమని అడుగుతారు. తుప్పు రిపోర్టు అడిగిన నాయకుణ్ణి నేను ఇంతవరకూ చూడలేదు. కంపెనీకి కూడా అదే హాయి, మండపానికి డబ్బిచ్చి శిలాఫలకం వేయించుకుంటే పోయేదానికి కాగితాలు చూపించడం ఎందుకు?

ప్రజాభిప్రాయ సేకరణ అని ఒకటుండేది, అందులోనైనా కలెక్టర్ ముందు రెండు మాటలు అడిగే వీలుండేది. 2020 జనవరిలో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చి పర్యావరణ అనుమతుల్లో అన్వేషణ బావుల్ని బీ2 కేటగిరీలోకి మార్చేసింది. అంటే గ్యాస్ ఉందో లేదో చూడ్డానికి తవ్వే బావికి ఊరి అభిప్రాయం అడగక్కర్లేదు. దొరికాక ఉత్పత్తి మొదలుపెట్టేటప్పుడే అడుగుతారట. అప్పటికి రిగ్గు వచ్చి, రోడ్డు పడి, బావి తవ్వేశాక, అక్కర్లేదని అంటే ఎవరు వింటారు! పైగా బ్లోఅవుట్ అయ్యేవి ఎక్కువగా తవ్వేటప్పుడే కదా, దేవర్లంకలో జరిగిందీ అదే.

2022 ఆగస్టులో నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్ కోనసీమ కాలుష్యం విషయంలో ఓఎన్‌జీసీకి 22.76 కోట్ల జరిమానా వేసింది. కేసు వేసింది ప్రభుత్వం కాదు, మా జిల్లా మనిషే. ఆ తీర్పు వచ్చినరోజు టీవీల్లో వచ్చింది, మర్నాడు పేపర్లో వచ్చింది, ఆ తర్వాత సద్దుమణిగింది. కేసు ఏ కోర్టులో ఏ దశలో ఉంది, జరిమానా కట్టారా, కడితే ఏ కాలువ, ఏ చెరువు బాగు చేశారు అనేది కూడా ఆ బోర్డు మీదే ఉండాలని నా కోరిక. నగరం విచారణ నివేదిక తెలుగు అనువాదం, అందులో చేసిన సిఫార్సుల్లో ఏవి అమలయ్యాయో ఒక్కో వరుసలో, లైను పోయే ప్రతి పంచాయతీకీ ఒక కాపీ ఇవ్వాలి. ఇంకెవరి డబ్బుతోనో కాదు, మా గ్యాస్ డబ్బుతోనే అచ్చు వేయించండి.

ఒక మనవి. మీ పత్రిక ఈ ఉత్తరం వేస్తే, వేసిన రోజే ఓఎన్‌జీసీ రాజమహేంద్రవరం ఆఫీసుకీ గెయిల్ వాళ్లకీ పంపించి, పైన రాసిన నాలుగు ముక్కలు తాటిపాక నుంచి బయల్దేరే ఒక్క లైను విషయంలో చెప్పగలరా అని అడగండి. వాళ్లేం చెప్పినా ఇదే చోట, ఇంతే సైజులో వేయండి. చెప్పకపోతే ఏ తారీఖున అడిగారో, ఎన్నాళ్లు చూశారో అది వేయండి.

ఇట్లు
ఒక కొబ్బరి రైతు
రాజోలు, డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా