ఎక్కిన గేర్లోనే దిగాలి

ఒరేయ్ మామా,

ఎలా ఉన్నావ్? చెల్లెమ్మ, పిల్లలు బాగున్నారా? మొన్న ఫోన్లో "వంటిల్లు, మంచాలు ఉన్న ఆర్‌వీ బండి బుక్ చేసేశానురా, అమ్మానాన్న రాగానే కొండల మీదికి బయల్దేరడమే" అన్నావు చూడు, ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. వెళ్లొద్దని కాదు, తప్పకుండా వెళ్లాలి. కానీ పోయిన సెప్టెంబరులో కొలరాడో కొండల్లో మాకేం జరిగిందో నీకెప్పుడూ పూర్తిగా చెప్పలేదు. ఫోన్లో చెప్పబోతే మధ్యలో పిల్లలొస్తారు, ఆఫీసు కాల్ వస్తుంది, సగం గాల్లో కలిసిపోతుంది. అందుకే కూర్చుని రాస్తున్నా. నిదానంగా చదువు.

మాది 25 అడుగుల బండి. డల్లాస్‌లో తీసుకున్నాం. అద్దెకిచ్చినాయన బాత్రూమ్ ట్యాంకు ఎలా ఖాళీ చేయాలో, గ్యాస్ పొయ్యి ఎలా వెలిగించాలో అరగంట సేపు ఓపిగ్గా చూపించాడు. గేరు లీవరు చివర ఒక చిన్న బటన్ ఉంది, 'టో-హాల్' అని రాసుంటుంది. దాని గురించి మాత్రం ఒక్క మాట చెప్పలేదు. నేనూ అడగలేదు. బరువు లాగేటప్పుడు వాడేదిలే అనుకున్నా.

అమరిల్లో దాటేదాకా నేల అంతా చదునే. స్టీరింగ్ పట్టుకుంటే చాలు, బండి దానంతటది పోతుంది. రటోన్, వాల్సెన్‌బర్గ్, అలమోసా మీదుగా రెండో రోజు మధ్యాహ్నం వుల్ఫ్ క్రీక్ పాస్ అనే కనుమ ఎక్కాం. 10,800 అడుగులు దాటిన ఎత్తు. ఎక్కేటప్పుడు ఇంజన్ రొప్పింది. అంత ఎత్తులో గాలి పలచన కదా, మామూలు పెట్రోలు ఇంజన్‌కి దాదాపు మూడో వంతు బలం తగ్గిపోతుంది. వెనక బండ్లు చేరినప్పుడల్లా పక్కకు తీసి దారిస్తూ ఎక్కేశాం. "అమ్మయ్య, గండం గడిచింది, ఇక దిగుడే కదా" అనుకున్నా. అక్కడే పొరపాటు పడ్డాను మామా.

పగోసా స్ప్రింగ్స్ వైపు దిగుడు దాదాపు 7 శాతం వాలు. అంటే వంద అడుగులు ముందుకెళ్తే ఏడడుగులు కిందికి. కాగితం మీద ఏమంత అనిపించదు. ఆరు టన్నుల బరువు వెనక నుంచి తోస్తుంటే అప్పుడు తెలుస్తుంది. గేరు మామూలుగా నడిపే 'డి'లోనే ఉంది, నా కాలు బ్రేకు మీద ఉంది. వదిలితే బండి ఉరుకుతుంది, అందుకని వదలకుండా నొక్కిపట్టే దిగుతున్నా.

నాన్న నా పక్క సీట్లో ఉన్నారు. నీకు తెలుసు కదా, ఇరవై ఆరేళ్లు తిరుమల ఘాట్‌లో ఆర్టీసీ బస్సు నడిపిన మనిషి. ఇక్కడ స్టీరింగ్ ఎడమ వైపు కాబట్టి ఆయన కూర్చున్న కుడి సీటు మన దేశంలో డ్రైవర్ సీటు ఉండే వైపే. వంపు వచ్చిన ప్రతిసారీ ఆయన కుడి కాలు కింద ఉన్న మ్యాట్‌ను నొక్కుతోంది. చేతులు తొడల మీద, కళ్లు రోడ్డు మీద. అంతసేపూ ఒక్క మాట మాట్లాడలేదు. ఉన్నట్టుండి ముక్కు ఎగబీల్చి, "బ్రేకు కాలతా ఉంది. పక్కకు తీయ్" అన్నారు.

నాకు ఇంకా వాసన రాలేదు. అర నిమిషం తర్వాత వచ్చింది. ఏదో రబ్బరు, ఇనుము కలిసి మాడిన వాసన. పెడల్ కూడా మునుపటికంటే కొంచెం లోతుకి పోతోంది. నా వీపు మీద చెమట పట్టింది. ఒక చోట పక్కన వెడల్పాటి జాగా కనబడితే తీసి ఆపాను. వెనక్కి తిరిగి చూస్తే పిల్లలు కిటికీలోంచి చెట్లు చూస్తూ నవ్వుకుంటున్నారు. వాళ్లకేం తెలుసు.

నేను దిగేలోపే నాన్న దిగేశారు. దిగి మొదట చేసిన పని ఏంటో తెలుసా? రోడ్డు పక్కన తలకాయంత రాయి ఒకటి చూసి రెండు చేతులతో తెచ్చి ముందు చక్రం కింద పెట్టి, కాలితో గట్టిగా తన్ని బిగించారు. ఇంకోటి రెండో వైపు. అప్పుడు చక్రం దగ్గర అరచెయ్యి పెట్టి, తాకకుండానే వేడి చూసి వెనక్కి తీసుకున్నారు. మీ చెల్లి నీళ్ల సీసా తెస్తే వద్దన్నారు. "కాలిన ఇనుము మీద నీళ్లు పోస్తే పగుల్తాదమ్మా. గాలికే చల్లారాల." ముప్పావు గంట అక్కడే ఉన్నాం. అమ్మ పులిహోర పెట్టింది, నాకు ముద్ద దిగలేదు.

అప్పుడే నాన్న ఆ మాటన్నారు. "ఏ గేర్లో ఎక్కుతామో ఆ గేర్లోనే దిగాల. బ్రేకు బండిని ఆపేదానికిరా, దింపేదానికి కాదు."

నీకు గుర్తుందా, ఇంటర్ సెలవుల్లో మనిద్దరం నాన్న బస్సులో ఇంజన్ బానెట్ మీద కూర్చుని కొండ దిగాం? తిరుమలకి ఎక్కే రోడ్డు వేరు, దిగే రోడ్డు వేరు కదా. దిగేటప్పుడు దారి పొడుగునా ఇంజన్ ఒకటే మూలుగుతూ ఉండేది. బస్సు పాతది కాబట్టి మూలుగుతోందని అనుకునేవాణ్ణి నేను. కాదు మామా. నాన్న బండిని తక్కువ గేర్లో పెట్టి, ఇంజన్ పట్టి ఉంచేలా చేసేవారు. అన్నేళ్లు ఆ శబ్దం విని కూడా అదేంటో నాకు వుల్ఫ్ క్రీక్‌లో తెలిసింది.

సంగతేంటంటే, బరువైన బండి కిందికి దిగుతుంటే పుట్టే శక్తి ఎక్కడో ఒక చోటికి పోవాలి. బ్రేకు నొక్కే ఉంచితే అదంతా వేడిగా మారి బ్రేకుల్లోనే పోగవుతుంది. వేడి మితిమీరితే బ్రేకు లైనింగు పట్టు తప్పుతుంది. ఇంకా ముదిరితే బ్రేకు ఆయిల్ మరిగి బుడగలొస్తాయి. అప్పుడు పెడల్ నొక్కితే ఆ బుడగలే నలుగుతాయి, చక్రానికి పట్టు అందదు. అందుకే ఆ రోడ్డు పక్కన లోతుగా గులకరాళ్లు పోసిన వాలు దారులు కట్టి ఉంచారు, బ్రేకు పోయిన లారీ అందులోకి దూసుకెళ్లి కూరుకుని ఆగడానికి. నేను వాటిని చూస్తూ దిగాను, ఎందుకున్నాయో ఆలోచించనే లేదు.

ఆ బటన్ పనేంటో బండిలో ఉన్న పుస్తకం తీసి చదివాను. దాన్ని ఒకసారి నొక్కి ఆన్ చేస్తే, దిగేటప్పుడు బ్రేకు ఒక్కసారి తాకగానే గేరు దానంతటదే తగ్గి ఇంజన్ బండిని పట్టుకుంటుంది. చాలకపోతే లీవరు 2లోకి లాగాలి. ఇంజన్ పెద్దగా అరుస్తుంది, భయపడకు. ఇంజన్ ఎంత వేగంగా తిరుగుతోందో చూపే మీటరు ఎర్ర గీత తాకనంతవరకు ఆ అరుపు మంచిదే. నాన్న చెప్పిన బ్రేకు పద్ధతి కూడా రాసుకో: అనుకున్న వేగం దాటగానే గట్టిగా నొక్కి అయిదారు మైళ్లు తగ్గించి, కాలు పూర్తిగా తీసేయాలి. మళ్లీ పెరిగితే మళ్లీ అంతే. నేను పట్టినట్టు కాలు ఆనించి ఉంచకూడదు. ఇంకొకటి, గేరు దిగుడు మొదలవ్వకముందే తగ్గించాలి, వేగం అందుకున్నాక కాదు.

చల్లారాక బయల్దేరే ముందు నాన్న ఆ రాళ్లు తీసి, దూరంగా రోడ్డు అంచుకి అవతల పెట్టి వచ్చారు. "మనం వదిలిపెట్టిన రాయి ఇంకొకరి బండి కింద పడకూడదు" అన్నారు.

ఆ రాత్రి డురాంగోలో పడుకున్నాం. అసలు భయం మర్నాటిది. డురాంగో నుంచి సిల్వర్టన్ మీదుగా యూరే దాకా 550 నంబరు హైవే. మిలియన్ డాలర్ హైవే అంటారు. అందులో రెడ్ మౌంటెన్ పాస్ 11,000 అడుగుల పైన. యూరే దగ్గర్లో రోడ్డు అంచున పిట్టగోడ ఉండదు, తెల్లగీత దాటితే లోయే. శీతాకాలం మంచు తోసే బండ్లు ఆ మంచుని లోయలోకి నెట్టాలి కాబట్టి అడ్డుగోడ కట్టలేదని అంటారు.

ఇక్కడ నీకు గట్టిగా చెప్పేది ఒకటుంది. ఆ రోడ్డు మీద దక్షిణం నుంచి ఉత్తరానికి, అంటే సిల్వర్టన్ నుంచి యూరే వైపుకి వెళ్లు. ఇక్కడ బండి కుడి పక్కన నడుపుతాం కదా, ఆ లోయ భాగంలో ఉత్తరానికి పోయేవాళ్లకి కొండ కుడి చేతికి ఉంటుంది. ఎదురు వచ్చేవాళ్లకే లోయ అంచు. మేము అదే దారిన వెళ్లాం, అందుకే నాకు కాస్త ధైర్యం నిలిచింది. కాకపోతే కొండ పక్కన కూడా ఏమరుపాటు పనికిరాదు. రాయి కొన్ని చోట్ల రోడ్డు మీదికి వంగి ఉంటుంది. మన బండి పదకొండు అడుగుల పైన ఎత్తు, పైగా కుడి అద్దం బయటికి పొడుచుకుని ఉంటుంది. నాన్న కిటికీ దించి "ఇంకో జానెడుంది... చాలు, ఇక రాకు" అని చెప్తూనే ఉన్నారు.

వంపుల్లో రెండు విషయాలు గుర్తుంచుకో. వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, లోపలికి కోసుకుని వస్తాయి. కాబట్టి ముందుభాగాన్ని కాస్త వెడల్పుగా తీసుకెళ్లి తిప్పాలి. రెండోది, వెనక చక్రాల తర్వాత కూడా బండికి పొడవాటి తోక ఉంది. నువ్వు కుడికి తిప్పితే ఆ తోక ఎడమకి ఊగుతుంది, పక్క లేన్లోకి. పెట్రోలు బంకు స్తంభాల దగ్గర కూడా ఇదే ప్రమాదం. బయల్దేరే ముందు ఖాళీగా ఉన్న పార్కింగులో గంటసేపు తిప్పి చూసుకో, మామయ్యని కిందికి దింపి తోక ఎంత ఊగుతుందో చూసి చెప్పమను.

సిల్వర్టన్‌లో మధ్యాహ్నం ఆగాం. 9,300 అడుగుల ఎత్తు. అక్కడ నీళ్లు 90 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. అమ్మ ఎసరు పెట్టి బియ్యం వేసి ఎంతసేపు చూసినా అన్నం పలుకుగానే ఉండిపోయింది. కుక్కర్ తీసుకెళ్లు. అత్తమ్మతో నీళ్లు బాగా తాగించు, మా అమ్మకి సాయంత్రానికి తలనొప్పి పట్టుకుంది. ఫ్రిజ్ తలుపుకి గడియ సరిగ్గా పడిందో లేదో ప్రతిసారీ చూడు. కోల్ బ్యాంక్ పాస్ వంపుల్లో మా పెరుగు గిన్నె మొత్తం నేల మీద పడింది.

రెడ్ మౌంటెన్ దాటి దిగుతుంటే కొండలంతా ఆస్పెన్ చెట్లు. పసుపు రాసిన గడపలా ఉందని అమ్మ అంది. నేను చూడలేకపోయాను, నా కళ్లు రోడ్డు మీదే. గేరు 2లో, గంటకి 15 మైళ్లు, ఇంజన్ మూలుగు. మన తిరుమల బస్సు మూలుగు. వెనక ఒక కారతను దగ్గర దగ్గరకి వస్తున్నాడు. టెన్షన్‌లో నా కాలు యాక్సిలరేటర్ మీదికి పోబోయింది. నాన్న నా భుజం మీద చెయ్యి వేసి, "వాడి కోసం నువ్వు తొందరపడొద్దు. జాగా దొరికినప్పుడు ఇద్దువు" అన్నారు. దొరికింది, ఇచ్చాను.

అక్కడ రోడ్డు పక్కన ఒక స్మారకం ఉంది. మంచు తోసే బండ్లు నడుపుతూ హిమపాతాల్లో చనిపోయిన డ్రైవర్ల కోసం కట్టింది. నాన్నకి ఇంగ్లీషు కూడబలుక్కుని చదవడమే వచ్చు. మనవడు చదివి చెప్పాడు. ఆయన టోపీ తీసి చేతులు జోడించి చాలాసేపు నిలబడ్డారు. తిరిగొచ్చి సీట్లో కూర్చుని, "డ్యూటీలో పోయినారు" అన్నారు. ఇంకేం మాట్లాడలేదు. ఇరవై ఆరేళ్లలో ఆయన డ్యూటీ నుంచి ఇంటికి రావడం ఆలస్యమైన రాత్రుల్లో అమ్మ గుమ్మంలో ఎందుకు కూర్చునేదో నాకు అక్కడ అర్థమైంది.

ఇక నీ ప్రయాణం. నువ్వు మోంటానాలోని గ్లేసియర్ పార్కు కూడా అన్నావు. నువ్వు బుక్ చేసిన 28 అడుగుల బండితో అక్కడి గోయింగ్ టు ది సన్ రోడ్డు మొత్తం పోలేవు. అవలాంచ్ క్యాంప్‌గ్రౌండ్ నుంచి రైజింగ్ సన్ దాకా 21 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు మించిన బండిని అనుమతించరు, బంపర్లూ అద్దాలూ కలిపే ఆ కొలత. బండి కింద క్యాంపులో పెట్టి ఒక రోజుకి చిన్న కారు అద్దెకి తీసుకో, లేదా అక్కడి టూరు బస్సు ఎక్కు. అసలు వీలైతే 28 మార్చుకుని 24, 25 అడుగులది తీసుకో. మంచం కాస్త ఇరుకవుతుంది, ఫర్వాలేదు. కార్ల కోసం చేసిన మ్యాపు యాప్‌కి నీ బండి ఎత్తు, పొడవు తెలియవు, దాన్ని నమ్మి అడ్డదారులు పట్టకు. చీకటి పడ్డాక కొండ దిగొద్దు.

నాన్న డురాంగోలో ఒక చెక్కల దుకాణానికి తీసుకెళ్లమన్నారు. గట్టి దుంగ ముక్క కొని, క్యాంపులో కూర్చుని చక్రాల కింద పెట్టే దిమ్మలు రెండు కోసి ఇచ్చారు. ఏటవాలు ఎంత ఉండాలో ఏ కొలతా లేకుండా చేత్తోనే తేల్చారు. పెన్నుతో ఒకదాని మీద 'ముందు' అనీ, ఇంకోదాని మీద 'వెనక' అనీ రాశారు. నిన్న ఫోన్లో నీ సంగతి చెప్తే, "ఆ దిమ్మలు వానికి పంపు, మళ్లా మనకి కావాల్నంటే ఇంగో జత కోసిస్తా" అన్నారు. పొద్దున పార్సిల్ వేశాను. శుక్రవారానికి అందుతాయి. అందగానే నాన్నకి ఒక ఫోన్ చెయ్యి, ఎదురు చూస్తుంటారు.

ఉంటాను మామా.

నీ
మామ