ఆకుపచ్చ చుక్క ఉన్న మిషన్లు వెనక్కి తీసుకురండి

మా దగ్గర డ్రిల్లు, రంపం, గ్రైండర్ లాంటి కరెంటు చేతి మిషన్లు మరమ్మతు చేయించుకున్నవారికి, పాత మిషన్లు తీసుకున్నవారికి ఒక సంగతి చెప్పాలి. మార్కెట్లో ఇంకెవరి నోటో మీరు వినకముందే నేనే చెప్పాలి.

సంక్రాంతి తర్వాత నుంచి ఉగాది దాకా మా బోయిన్‌పల్లి షాపు ద్వారా ఆర్మేచర్ రీవైండింగ్ జరిగిన మిషన్లు 41. ఆర్మేచర్ అంటే మోటారులో తిరిగే భాగం, రీవైండింగ్ అంటే దాని కాలిన తీగ తీసేసి కొత్తది చుట్టడం. వాటిలో చుట్టింది రాగి తీగ కాదు. పైన రాగి పూత, లోపల అల్యూమినియం. ఆ 41 మిషన్లనూ వెనక్కి తీసుకుంటున్నాను. అసలైన రాగితో మళ్లీ చుట్టించి గానీ, కొత్త ఆర్మేచర్ వేసి గానీ ఇస్తాను. పైసా తీసుకోను. మీ మిషను ఇప్పుడు చక్కగా తిరుగుతూ ఉండవచ్చు. అయినా తీసుకురండి.

మేము విప్పి బిగించిన ప్రతి మిషను పిడి కింద ఒక చిన్న పెయింటు చుక్క పెడతామని పాతవారికి తెలుసు. ఆ రెండు నెలల చుక్క ఆకుపచ్చ. కార్బన్ బ్రష్షో, బేరింగో, స్విచ్చో మాత్రమే మార్చినవాటికీ అదే రంగు పెట్టాం కాబట్టి మీది ఆ 41లో ఉందో లేదో చుక్కను చూసి చెప్పలేరు. నా పుస్తకంలో రాసి ఉంది. 33 మందికి ఫోను చేసి చెప్పాను. 8 నంబర్లు ఎన్నిసార్లు చేసినా కలవడం లేదు. ముఖ్యంగా వారి కోసమే ఈ రాత.

ఇది బయటపడిన తీరు చెప్పకుండా దాటేయవచ్చు. కానీ నా మనసును కోసింది అదే కనుక చెబుతాను.

లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరు ఇల్లు అమ్మి కొడుకు ఫ్లాటుకు మారుతూ తన సామాను మా దగ్గర పెట్టి వెళ్లారు. ఒక డ్రిల్లు, వంపులు కోసే జిగ్‌సా ఒకటి, చెక్కకు చిత్రిక పట్టే రంద మిషను ఒకటి. మా షాపులో ఎడమ చేతి వైపు అర సంగతి మీకు తెలిసిందే. ఇచ్చేవారు మిషనుకు డబ్బు తీసుకోరు. తీసుకునేవారు మేము వేసిన విడిభాగాల ఖర్చు మాత్రం ఇస్తారు. పెద్దాయన పెట్టిన షరతు ఒక్కటే: "గోడకు ఫోటోలు తగిలించుకునేవాళ్లకు వద్దు బాబూ. చెక్క పని చేసేవాళ్లకే ఇవ్వు."

రంద మిషను ఆర్మేచర్ కాలిపోయి ఉంది. ఆ మోడలు తయారీ ఆగిపోయి చాలా ఏళ్లయింది, స్పేరు దొరకదు. గేర్లూ బాడీ మాత్రం ఇంకో ఇరవై ఏళ్లు వస్తాయి. చుట్టించి, బేరింగులు మార్చి, అల్వాల్‌లో ఉండే ఒక టీచరమ్మకు ఇచ్చాను. పాత ఇళ్లు పడగొట్టిన చోట టేకు గుమ్మాల ముక్కలు కొని, వాటికి చిత్రిక పట్టి, బడి పిల్లలకు పొట్టి బల్లలు చేస్తారామె. "ఇది మీ తర్వాత ఇంకొకరికి కూడా పనికొస్తుందమ్మా" అని గొప్పగా చెప్పి మరీ ఇచ్చాను.

నెల తిరగకుండానే ఫోను వచ్చింది. కోపం లేదు, నిష్ఠూరం లేదు. "నేనేమైనా తప్పు చేశానా అండీ? లోతు కాస్త ఎక్కువ పెట్టినట్టున్నాను. పొగ వచ్చింది" అన్నారు. నాలుగు తిట్టి ఉంటే తేలికగా ఉండేది.

ఆ సాయంత్రమే విప్పాను. ఘాటుగా కాలిన వార్నిషు వాసన. కమ్యుటేటర్ దగ్గర, అంటే కార్బన్ బ్రష్‌లు ఆని కరెంటు అందించే రాగి పట్టీల చక్రం దగ్గర, మూడు చోట్ల తీగ కొసలు ఊడి ఉన్నాయి. వేడికి మెత్తబడిన చుట్లు ఆ వేగానికి బయటికి పొంగి, చుట్టూ కదలకుండా ఉండే ఫీల్డ్ కాయిల్‌ను గీరేశాయి. ఒక తీగను కత్తిరించి, కొసను భూతద్దం కింద పెట్టి చూశాను. అంచు చుట్టూ వెంట్రుకంత ఎర్రటి గీత. మధ్యలో అంతా తెలుపు. పైన పటారం, లోన లొటారం అనే మాట చిన్నప్పటి నుంచి వింటున్నాను గానీ, నా చేత్తో పట్టుకుని చూడటం ఇదే మొదలు. నమ్మకం కుదరక మొత్తం తీగ ఒలిచి పక్క వీధిలోని నగల షాపు త్రాసులో తూయించాను. అంతే మందం, అన్నే చుట్లు ఉన్న పాత రాగి 58 గ్రాములు ఉండేది. ఇది 24.

అల్యూమినియం అయితే ఏమిటి నష్టం అని ఒకాయన అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. అదే మందంలో రాగి కంటే ఈ తీగ కరెంటును సుమారు ఒకటిన్నర రెట్లు అడ్డుకుంటుంది, అంటే పని ఒత్తిడిలో అంత ఎక్కువ వేడెక్కుతుంది. పైగా అల్యూమినియం మీద గాలి తగిలిన వెంటనే కరెంటును పోనివ్వని సన్నని పొర కడుతుంది. అందుకే కమ్యుటేటర్ దగ్గర అతుకు నిలవదు. రంద మిషను నిమిషానికి 15 వేలకు పైగా చుట్లు తిరుగుతుంది. ఆ వేగంలో వదులైన తీగ ఎటు పోతుందో వేరే చెప్పక్కరలేదు.

మరి మీరు పరీక్షించలేదా అంటారు. పరీక్షించాను. బయట చుట్టించాక తిరిగి వచ్చిన ప్రతి ఆర్మేచర్‌నూ గ్రౌలర్ అనే అయస్కాంత పరికరం మీద పెట్టి, పైన హాక్సా బ్లేడు పట్టుకుని తిప్పి చూస్తాను. చుట్లు ఒకదానికొకటి తగులుకుని ఉంటే బ్లేడు గడగడలాడుతుంది. వీటిలో ఒక్కటీ ఆడలేదు. మెగ్గర్ అనే మీటరుతో ఇన్సులేషన్, అంటే కరెంటు బయటికి కారకుండా ఆపే పొర, చూశాను, బాగుంది. ఈ రెండు పరీక్షలూ చుట్టింది సరిగా ఉందో లేదో చెబుతాయి గానీ, దేనితో చుట్టారో చెప్పవు. కమ్యుటేటర్‌లో పక్కపక్క పట్టీల మధ్య రెసిస్టెన్స్ కొలిచి ఉంటే దొరికేది. కాలిన ఆర్మేచర్‌లో కూడా చెడని చుట్లు కొన్ని మిగులుతాయి. వాటి కొలత ముందే రాసి పెట్టుకుని, చుట్టి వచ్చాక పోల్చితే తేడా అద్దంలో కనబడినట్టు కనబడుతుంది. ఆ పని నేను చేయలేదు. ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. చుట్టి ఇచ్చే ఈ కొత్తవారు పాత రేటు కంటే తగ్గించి చెప్పినప్పుడు, ఎందుకు తగ్గింది అని నేను అడగలేదు. సంతోషించాను.

చుట్టి ఇచ్చినవారి పేరు రాయను. వాళ్ల దగ్గరికి వెళ్లి తీగ ముక్క బల్ల మీద పెట్టాను. కాదనలేదు. "చేతి మిషన్లకు ఇంత పట్టింపు ఎందుకండీ, ఎలాగూ రెండేళ్లకు కొత్తది కొంటారు. సగం డబ్బు వెనక్కి తీసుకోండి" అన్నారు. తీసుకోలేదు. నా దగ్గరికి వచ్చేవారు రెండేళ్లకు కొత్తది కొనేవారైతే నా షాపు 2006 నుంచి ఎలా నడిచిందో వాళ్లకు అర్థం కాదు. ఆ సగం డబ్బు తీసుకుని ఉంటే నాకు కాస్త ఊరట ఉండేదని మా ఆవిడ ఇప్పటికీ అంటోంది.

ఇక మూడు వారాలు నన్ను నిద్రపోనివ్వని విషయం.

మా అబ్బాయి లెక్కలు తెలిసినవాడు. "ఈ రీవైండింగ్ ఆపేద్దాం నాన్నా. స్పేరు దొరికితే వేద్దాం, దొరకకపోతే మిషను తిరిగి ఇచ్చేద్దాం" అన్నాడు. వాడిది తప్పని చెప్పలేను. నాలుగంగుళాల గ్రైండర్ ఆర్మేచర్ కొత్తది రాణిగంజ్‌లో రీవైండింగ్ కంటే తక్కువకే దొరుకుతుంది. మరి దాన్ని చుట్టించడం దేనికి? అలవాటు కొద్దీ. పుస్తకం ముందేసుకుని చూస్తే 41లో 14 మిషన్లకు స్పేరు మార్కెట్లోనే ఉంది. అవి అసలు చుట్టించాల్సినవి కావు. అక్కడ నేను ఓడిపోయాను, అబ్బాయి గెలిచాడు. ఇకమీదట వాటికి కొత్త ఆర్మేచరే.

మిగిలిన 27 సంగతి వేరు. ఎక్కడా స్పేరు లేదు. నేను చేతులెత్తేస్తే అవి నేరుగా తుక్కులోకే పోతాయి. వాటిలో ఒకరి తండ్రి రంపం ఉంది. ఒకరు తొలి జీతంతో కొన్న, చెక్కలో గాడులు తీసే రౌటర్ ఉంది. బరువు తూచి కొనేవాడికి ఇవన్నీ ఒకటే.

ఇద్దరు కొత్త వైండింగ్ వాళ్ల దగ్గరికి వెళ్లాను. ఒకరు నిజాయతీగానే మాట్లాడారు: "రేటు చెప్పండి సార్, దాన్ని బట్టి తీగ వేస్తాం." ఆ మాట విని అబ్బాయి చెప్పినట్టే చేద్దామని సగం నిర్ణయానికి వచ్చి ఇంటికి బయలుదేరాను. దారిలో ఏమనిపించిందో, బండి మౌలాలి వైపు తిప్పాను.

మాకు 15 ఏళ్లు ఆర్మేచర్లు చుట్టి ఇచ్చిన ఉస్తాద్ అక్కడ ఉంటారు. చూపు మందగించి నిరుడు పని మానేశారు. ఆయన మానేయడం వల్లనే నేను కొత్తవారిని వెతుక్కోవాల్సి వచ్చింది. కాలిన ఆర్మేచర్ నుంచి తీసిన తీగ ఆయన చేతిలో పెట్టాను, ఏమీ చెప్పలేదు. కళ్ల దగ్గరికి కూడా తీసుకుపోలేదు. బొటనవేలు, చూపుడువేలు మధ్య రెండుసార్లు వంచారు. "ఇది రాగి కాదు. ఎవరిచ్చారు?" అన్నారు. రెండు నెలలు, 41 మిషన్లు, నా గ్రౌలర్, నా మెగ్గర్... ఆయనకు పట్టింది నాలుగు సెకన్లు. సిగ్గుతో పాటు ధైర్యం కూడా వచ్చింది.

కాబట్టి రీవైండింగ్ ఆపడం లేదు. బయటికి పంపడం మాత్రం ఆపేశాను. ఉస్తాద్ మంగళ, గురువారాలు మా షాపుకే వస్తారు. చుట్టేది మా షాపు కుర్రాడు, పక్కన కూర్చుని వేళ్లతో తడిమి సరిచేసేది ఆయన. తీగ నేనే కొంటాను. ప్రతి చుట్టలోంచీ ఒక ముక్క కత్తిరించి కొస చూస్తాను, కొలత తీసుకుంటాను. మీరు అడిగితే మీ కళ్ల ముందే చూపిస్తాను. అబ్బాయి దీన్ని నష్టాల వ్యాపారం అంటున్నాడు. అయి ఉండవచ్చు. చూద్దాం.

దీనివల్ల మీకు తగిలే ఇబ్బందులు రెండు. వారానికి అయిదు ఆర్మేచర్ల కంటే చుట్టలేం. 27 మిషన్లు పూర్తి కావడానికి ఆరు వారాలు పడుతుంది. పనే జీవనాధారమైన వడ్రంగులవి ముందు, ఆదివారాలు సరదాగా చేసుకునేవారివి తర్వాత. తిట్టుకోకండి. స్పేరు దొరికే 14 మిషన్లకు రెండు రోజులు చాలు. రెండోది, కొత్తగా రీవైండింగ్‌కు వచ్చే మిషన్లకు ధర పెరుగుతుంది. ఎంతో విప్పి చూశాకే చెబుతాను.

తీసుకువచ్చే వీలు కలిగేదాకా ఒక జాగ్రత్త. గాలి రంధ్రాల్లోంచి చూస్తే బ్రష్ కొసన చిన్న నీలి మెరుపులు కనిపించడం మామూలే. కమ్యుటేటర్ చుట్టూ నిప్పు చేతి గాజులా గుండ్రంగా తిరుగుతుంటే, లేదా చెక్కకు ఆనించకుండా ఊరికే అయిదు నిమిషాలు తిప్పితేనే బాడీ పట్టుకోలేనంత వేడెక్కితే, వెంటనే ప్లగ్గు పీకేయండి. మళ్లీ పెట్టి చూడవద్దు.

పాత మిషన్ల అర కొనసాగుతుంది. అయితే అమెరికా నుంచి పిల్లలు తెచ్చిన 120 వోల్టుల మిషన్లను ఇకపై తగిన ట్రాన్స్‌ఫార్మర్ జతగా ఇస్తేనే అరలో పెడతాను. మన 230లో నేరుగా పెట్టి కాల్చినవి ఈ ఏడాది మూడు వచ్చాయి. బ్యాటరీ మిషన్లలో ఉబ్బిన ప్యాకులు అసలు తేవద్దు, వాటిని విప్పి సెల్స్ మార్చే పని మేము చేయం. రంపం గార్డు తీసేసి ఇవ్వమని అడిగేవారికి ఎప్పటి జవాబే: కుదరదు.

ఆకుపచ్చ చుక్కల మిషన్లకు రసీదు అక్కరలేదు. బ్లేడు మాత్రం తీసి తీసుకురండి. మొన్న ఒకరు రంపాన్ని బ్లేడుతో సహా గుడ్డ సంచిలో వేసుకుని ఆటోలో వచ్చారు, సంచి అడుగు తెగి ఉంది.

టీచరమ్మకు అంతవరకు నా సొంత రంద మిషను ఇచ్చి పంపాను. వడ్రంగులు ముందు అన్నాను గానీ, ఈ ఒక్కదానికి నా మాట నేనే తప్పాను. ఉస్తాద్ కూర్చున్న మొదటి మంగళవారమే దాన్ని చుట్టాం. పెద్దాయనకు చెప్పకుండా ఉండటం మంచిది కాదని ఆదివారం వాళ్ల ఫ్లాటుకు వెళ్లి జరిగినదంతా చెప్పాను. బాల్కనీలో కుర్చీలో కూర్చుని చివరిదాకా విన్నారు. తీగ గురించి ఒక్క మాట అనలేదు. "బ్లేడ్లకు పదును పెట్టించావా మరి, ఇచ్చేటప్పుడు?" అని అడిగారు.

పెట్టించలేదు. సోమవారం ఆ పనీ చేయించాను.