ల్యాబ్‌లోంచి బయటికొచ్చి నాతో మాట్లాడిన డాక్టరమ్మకి

నిన్న అన్నయ్య పెట్ స్కాన్ రిపోర్ట్ వచ్చింది. గొంతులో టాన్సిల్ దగ్గర గానీ మెడలో గానీ క్యాన్సర్ ఏమీ మిగల్లేదని రాశారు. రాత్రంతా నిద్ర లేదు, ఒళ్లంతా నొప్పులు, అయినా ఇది ఇవాళే రాయాలి. అన్నయ్యే రాయమన్నాడు, ఏదీ దాచొద్దన్నాడు.

అమ్మ, వదిన, అక్కాబావలకి థాంక్స్ చెప్తే తిడతారు కాబట్టి చెప్పను. నేను చెప్పాల్సింది ఒక పాథాలజీ డాక్టరమ్మ గురించి, అంటే గడ్డ ముక్కల్ని మైక్రోస్కోప్‌లో చూసి రోగం తేల్చే డాక్టర్. ఆమె పేరు కూడా నేను అడగలేదు.

ఖమ్మంలో ఉన్నప్పుడు అన్నయ్య మెడలో గడ్డ నాలుగు సెంటీమీటర్లు. మొదట చూపించిన చోట బయాప్సీ చేసి, స్టేజ్ నాలుగు అని కాగితం చేతిలో పెట్టారు. అన్నయ్యకి సిగరెట్, గుట్కా, మందు ఏ అలవాటూ లేదు. అయినా చూడ్డానికొచ్చిన ప్రతివాళ్లూ అదే అడిగారు, అలవాట్లేమైనా ఉండేవా అని. హైదరాబాద్‌లో క్యాన్సర్ డాక్టర్ ఆ కాగితం చూసి, గడ్డ ముక్క మీద చేసే పీ16 అనే పరీక్ష ఎందుకు చేయలేదు, ముందు బయాప్సీ బ్లాక్ (మైనంలో దాచిన ఆ ముక్క) తెచ్చి మా ల్యాబ్‌లో ఇవ్వండి అన్నారు.

రిపోర్ట్ తీసుకోడానికి నేనొక్కణ్నే వెళ్లాను. పీ16 పాజిటివ్ అని ఉంది. అక్కడే నిలబడి ఫోన్‌లో వెతికితే హెచ్‌పీవీ వైరస్ అని, శారీరక సంబంధాల వల్ల వస్తుందని ఏవేవో కనిపించాయి. క్యాన్సర్ చాలదన్నట్టు ఇదొకటా, వదినకి ఏం చెప్పాలి, పాప అన్నయ్య గ్లాసులోనే నీళ్లు తాగుతుంది కదా అని కాళ్లు ఆడలేదు. ఇది అంటుకుంటుందా అని కౌంటర్లో అడిగితే మీ డాక్టర్‌ని అడగండి అన్నారు. స్లైడ్ల ట్రే పట్టుకుని అటుగా వెళ్తున్న డాక్టరమ్మ అది విని ఆగింది.

లోపలికి రండి అని తీసుకెళ్లి కూర్చోబెట్టింది. ఇద్దరు ఒకేసారి చూడగలిగే మైక్రోస్కోప్ ఉంది అక్కడ, అందులో అన్నయ్య స్లైడ్ పెట్టి చూపించింది. క్యాన్సర్ కణాలన్నీ ముదురు గోధుమ రంగులో ఉన్నాయి. నూటికి కనీసం 70 కణాలు ఇలా గట్టిగా రంగు పట్టుకుంటేనే పాజిటివ్ అంటాం అంది. పీ16 అంటే వైరస్ కాదు, వైరస్ పనిచేసిన చోట మిగిలే అడుగుజాడ అంది. కణాన్ని అదుపులో పెట్టే ఒక ప్రొటీన్‌ని ఈ వైరస్ పాడుచేస్తుందట, దానివల్ల పీ16 కణంలో పేరుకుపోతుందట. ఆ కణాల మధ్య చిన్న చిన్న నీలం చుక్కలు చూపించి, ఇవి మీ అన్నయ్య రోగనిరోధక కణాలు, వైరస్ ప్రొటీన్లు ఉండటం వల్ల గడ్డని గుర్తుపట్టి లోపలికి వచ్చాయి, ఇవి ఎక్కువగా ఉన్నవాళ్లకి చికిత్స బాగా పనిచేస్తుంది అంది. అప్పుడు ఏడుపు ఆగలేదు నాకు. అన్నయ్య ఒంట్లో అన్నయ్య వైపు నిలబడ్డవి కూడా ఉన్నాయని అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

ఆమె తొందరపడలేదు. కాగితం వెనక రాసి చూపించింది. 2010లో అమెరికాలో వచ్చిన పెద్ద అధ్యయనంలో, గొంతులో ఇదే చోట క్యాన్సర్ వచ్చినవాళ్లలో మూడేళ్ల తర్వాత బతికున్నవాళ్లు వైరస్ ఉన్నవాళ్లయితే 82 శాతం, లేనివాళ్లయితే 57 శాతం. అందుకే 2018 నుంచి స్టేజ్‌లు కూడా వేరుగా లెక్కకడుతున్నారు, అదే గడ్డకి ఇప్పుడు స్టేజ్ ఒకటి వస్తుంది, మీ డాక్టర్‌తో మాట్లాడండి అంది. పీ16 ఒక్కటే చూసి ఆగకుండా వైరస్ పరీక్ష కూడా చేయించుకోమంది. అలాగని మందు తగ్గిస్తారనుకోవద్దు, సిస్ప్లాటిన్ అనే కీమో మందు బదులు తేలికని వేరే మందు ఇచ్చి చూసిన చోట ఫలితాలు తగ్గాయి అని కూడా చెప్పింది. చివరికి నేను అడగలేకపోయిన దానికి తనే జవాబిచ్చింది. ఇది చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు వచ్చి పోయే వైరస్సేనమ్మా, ఎన్నో ఏళ్ల కిందటిది కావచ్చు, ఎవరినీ అనుమానించాల్సిన పని లేదు, పళ్లెం గ్లాసు వేరు చేయొద్దు అని. ఆ ముక్క వల్ల మా ఇల్లు నిలబడింది. అన్నయ్యకి ఏడు వారాలు కరెంటు (రేడియేషన్), వారం వారం కీమో, ముక్కు పైపు, ఉమ్ము మింగలేని రాత్రులు, అన్నీ వదిన పక్కనే ఉండి చూసుకుంది.

ఒకటి మాత్రం మింగుడుపడటం లేదు. స్టేజ్‌నే మార్చే పరీక్షని మొదటి చోట ఎందుకు చేయలేదు? మన దగ్గర ఈ క్యాన్సర్లు పొగాకువే ఎక్కువ, నిజమే, కానీ ఏ అలవాటూ లేని మనిషికైనా చేయాలి కదా. మా బ్లాక్ మాకివ్వడానికి సంతకం లేదని ఒకరు, సారు లేరని ఒకరు తిప్పారు. కార్డు మీద ఈ పరీక్షలు రావన్నారు, చేతి డబ్బే పెట్టాం. డబ్బు లేనివాళ్లు స్టేజ్ నాలుగు కాగితం పట్టుకుని ఇంటికే వెళ్లిపోతారేమో, ఆ భయం నాకు ఇప్పటికీ ఉంది.

మేడమ్, మీరిది చదువుతారో లేదో తెలీదు. మీకు పదివేల నమస్కారాలు.

అయ్యో, రేడియేషన్ గదిలో మాస్క్ బిగించేటప్పుడు రోజూ అన్నయ్య చెయ్యి పట్టుకున్న టెక్నీషియన్ తమ్ముడు, కరెంటుకి ముందు పళ్లు చూసి సరిచేసిన డెంటల్ డాక్టర్, జావ కాచుకోడానికి స్టవ్ ఇచ్చిన రూమ్ ఓనరాంటీ, మీ అందరికీ కూడా. రాత్రి పూట డబ్బులడక్కుండా దింపిన ఆటో అన్నకి కూడా, నంబర్ తీసుకోలేదు, క్షమించు అన్నా.