చుసొక్ చూసే పండగ కాదు

సంపాదకులకు,

కొరియాలో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న మనవాళ్లు చాలామంది చుసొక్ (కొరియన్ల పంటల పండగ) సెలవులనగానే పండగ సందడి చూద్దామని సియోల్ బయల్దేరతారు. తీరా వెళ్తే సగం హోటళ్లకు తాళాలు. సంక్రాంతికి హైదరాబాద్ ఖాళీ అయినట్టే అక్కడా జనం సొంతూళ్లకు పోతారు. చుసొక్, సొల్లాల్ (చాంద్రమాన కొత్త సంవత్సరం) ఇళ్లలో జరిగే పండగలు. 2026లో చుసొక్ సెప్టెంబరు 25న. ఊళ్లకు వెళ్లే రైళ్ల టికెట్లు వారాల ముందే అయిపోతాయి. పండగ ముందురోజు స్టేషన్‌కు వెళ్తే నిలబడి వెళ్లే టికెట్ దొరికినా గొప్పే. సియోల్‌లోనే ఉండిపోతే, మామూలుగా 3,000 వన్‌లు తీసుకునే గ్యాంగ్‌బొక్ రాజప్రాసాదంలోకి ఆ సెలవుల్లో ఉచితంగా వెళ్లొచ్చు. హాన్‌బొక్ (కొరియా సంప్రదాయ దుస్తులు) కట్టుకుంటే ఏడాదంతా ఉచితమే.

కొరియా మిత్రులెవరైనా పండక్కి ఇంటికి పిలిస్తే మాత్రం వదులుకోవద్దు. పళ్ల పెట్టె తీసుకెళ్లి రెండు చేతులతో ఇవ్వాలి. పొద్దున పితృదేవతల ముందు నైవేద్యాలు పేర్చి చారె చేస్తారు. అది ముగిసేదాకా పళ్లెం ముట్టకూడదు. మన ఆబ్దికం తెలిసినవారికి ఇది వేరే చెప్పనక్కర్లేదు. తర్వాత అదే భోజనం అందరూ పంచుకుంటారు, పెద్దలు చెంచా ఎత్తాకే మిగతావారు.

సొల్లాల్‌నాడు పెద్దలకు మోకాళ్ల మీద వంగి మొక్కుతారు. పొరపాట్లన్నీ ఇక్కడే. మగవారు కుడిచేతి మీద ఎడమచెయ్యి, ఆడవారు ఎడమచేతి మీద కుడిచెయ్యి ఉంచాలి. తారుమారైతే అది చావింట్లో పెట్టే మొక్కు. బతికున్నవారికి ఒక్కసారే వంగాలి, రెండుసార్లు మొక్కేది పోయినవారికి. అలవాటుకొద్దీ కాళ్లు పట్టుకోబోవద్దు, వాళ్లు కంగారుపడతారు.

శాకాహారులకు అసలు చిక్కు సొల్లాల్ సూప్ తొక్కుక్‌తో. మాంసం తీసేయమంటే ముక్కలు తీసేస్తారు, కానీ నీళ్లు సాధారణంగా గొడ్డుమాంసం ఉడికించినవే. కిమ్చీలో (పులియబెట్టిన కూరగాయల పచ్చడి) చేపలదో రొయ్యలదో ఉప్పు ఊట కలుస్తుంది. అట్లలాంటి జొన్‌లకు గుడ్డు పూస్తారు. ధైర్యంగా తినగలిగేది చుసొక్ నాటి సొంగ్‌ప్యొన్: బియ్యప్పిండిలో నువ్వులో, చిక్కుడుగింజలో, చెస్ట్‌నట్టో కూరి పైన్ ఆకుల మీద ఆవిరికి ఉడికిస్తారు. వినాయక చవితి కుడుములకు చుట్టమే.

వీధిలో చూసే పండగ కావాలంటే తూర్పు తీరంలోని గాంగ్‌నుంగ్‌కు వెళ్లండి. అయిదో చాంద్రమాసం అయిదో రోజైన తానో చుట్టూ, నమ్‌దేచొన్ ఏటి ఒడ్డున తానోజె ఉత్సవం జరుగుతుంది. యునెస్కో 2005లోనే గుర్తించిన ఉత్సవమిది. మాటలు లేని ముసుగు నాటకం, కుస్తీ, ఊయల పోటీలు ఉంటాయి కాబట్టి భాష రాకపోయినా ఫర్వాలేదు. చంగ్‌పొ వేసి కాచిన నీళ్లతో తల కడుక్కోవడం అక్కడి ఆచారం. ఆ మొక్క మన వసే. 2026లో తానో జూన్ 19న. ప్రయాణానికి ముందు కొరియా పర్యాటక సహాయ కేంద్రం 1330కి ఫోన్ చేస్తే ఇంగ్లిష్‌లో వివరాలు చెబుతారు.

– ఒక పాఠకురాలు, దక్షిణ కొరియా